మెదడులో పనిచేసే బీటీకే డిగ్రేడర్: మల్టిపుల్ స్క్లెరోసిస్ మందు తయారీలో అసలు చిక్కులు

టోలెబ్రుటినిబ్ మాత్ర మీద జరిగిన మూడు పెద్ద పరీక్షల ఫలితాలు 2024లో ఒకేసారి బయటికి వచ్చాయి. జబ్బు పదేపదే తిరగబెట్టే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) రోగుల మీద జరిపిన జెమిని 1, జెమిని 2 పరీక్షల్లో అది పాత మందు టెరిఫ్లునమైడ్ కంటే రిలాప్స్‌లను ఎక్కువగా తగ్గించలేకపోయింది. హెర్క్యులిస్ పరీక్షలో తీసుకున్నది వేరే రోగుల్ని. వీళ్లకు రిలాప్స్‌లు ఆగిపోయాయి, కానీ నడక, చేతిపట్టు నెమ్మదిగా పోతూనే ఉన్నాయి. అలాంటి 1131 మందిలో రోజుకు 60 మి.గ్రా. మాత్ర, ఆరు నెలల పాటు నిలిచే వైకల్యం పెరిగే ముప్పును డమ్మీ మాత్రతో పోలిస్తే 31 శాతం తగ్గించింది.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే జబ్బు స్వరూపమే తెలుస్తుంది. రిలాప్స్ అంటే రక్తంలోంచి వచ్చిన లింఫోసైట్లు (రోగనిరోధక కణాలు) మెదడులో, వెన్నుపాములో నరాల మీది మైలిన్ తొడుగును దెబ్బతీయడం. దాన్ని ఆపడానికి ఓక్రెలిజుమాబ్ లాంటి యాంటీబాడీలు 2017 నుంచే ఉన్నాయి, బాగా పనిచేస్తున్నాయి. నెమ్మదిగా ముదిరే వైకల్యానికి కారణం మాత్రం మెదడు లోపలే కాపురమున్న రోగనిరోధక కణాలు, మైక్రోగ్లియా. పాత గాయాల అంచుల్లో ఇనుమును నింపుకుని ఏళ్ల తరబడి రగులుతూ ఉంటాయి. రక్తంలోని యాంటీబాడీలో మెదడుకు చేరేది దాదాపు వెయ్యో వంతు. కాబట్టి ఆ మంట దానికి అందదు.

బ్రూటన్ టైరోసిన్ కైనేజ్, క్లుప్తంగా బీటీకే, సంకేతాలు నడిపే ఒక ఎంజైము. అది బీ కణాల్లోనూ (యాంటీబాడీలు తయారుచేసే లింఫోసైట్లు) మైక్రోగ్లియాలోనూ ఉంటుంది. ఇంకో రకం లింఫోసైట్లైన టీ కణాల్లో ఉండదు. దాన్ని అడ్డుకునే ఇన్హిబిటర్లే టోలెబ్రుటినిబ్, ఎవోబ్రుటినిబ్, ఫెనెబ్రుటినిబ్. వీటి వెనకాలే వస్తున్నవి డిగ్రేడర్లు. ఇవి బీటీకే పనిని అడ్డుకుని ఊరుకోవు, ఆ ప్రోటీన్‌నే కణంలోంచి తుడిచేస్తాయి. రక్త క్యాన్సర్ల కోసం బీజీబీ-16673, ఎన్‌ఎక్స్-5948 వంటి బీటీకే డిగ్రేడర్లు ఇప్పటికే మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి. ఎంఎస్‌కు పనికిరావాలంటే వీటికి ఇంకో అర్హత కావాలి. నిండుగా, చెక్కుచెదరకుండా ఉన్న రక్త-మెదడు అవరోధాన్ని (రక్తంలోని పదార్థాలను మెదడులోకి రానివ్వని రక్తనాళాల గోడను) దాటి మైక్రోగ్లియాలో పనిచేయాలి. ఈ వ్యాసం ఆ అర్హత గురించే.

డిగ్రేడర్ ఎందుకు?

డిగ్రేడర్ అణువుకు రెండు కొసలు. ఒకటి బీటీకేను పట్టుకుంటుంది. రెండోది కణంలోని సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మధ్యలో లింకర్. రెండు ప్రోటీన్లూ ఒకదాని పక్కకు ఒకటి వచ్చినప్పుడు, సెరెబ్లాన్‌తో ఉన్న ఎంజైము ముఠా బీటీకే మీద ఉన్న లైసీన్ అమైనో ఆమ్లాలకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ల గొలుసు తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రోటీన్‌ను కణంలోని ప్రోటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. డిగ్రేడర్ మాత్రం చెక్కుచెదరకుండా బయటపడి ఇంకో బీటీకేను వెతుక్కుంటుంది. ఈ ఆలోచనకు తొలి ప్రయోగ రుజువు 2001లో వచ్చింది. థాలిడోమైడ్ అనే పాత మందు పట్టుకునేది సెరెబ్లాన్‌నే అని జపాన్ పరిశోధకులు 2010లో తేల్చాక అది మాత్రల రూపంలో సాధ్యమైంది.

క్యాన్సర్‌లో డిగ్రేడర్ల పక్షాన చెప్పే మొదటి వాదన మందుకు లొంగని మ్యుటేషన్లు. బీటీకే ఇన్హిబిటర్ ఇబ్రుటినిబ్ అతుక్కునే 481వ స్థానంలోని సిస్టీన్ మారిపోతే ఆ మందు పట్టు తప్పుతుంది, డిగ్రేడర్‌కు ఆ అతుకు అక్కర్లేదు. ఎంఎస్‌లో ఈ వాదనకు చోటే లేదు. అక్కడ కణితి లేదు, మందును తప్పించుకునే కణాలే మిగిలేలా చేసే ఎంపిక ఒత్తిడీ లేదు. రెండో వాదన, కైనేజ్ పని ఆగిపోయినా బీటీకే ఇతర ప్రోటీన్లకు ఆసరాగా నిలబడి సంకేతాలు నడుపుతుందని. కైనేజ్ పని చచ్చిన 528వ స్థానపు మ్యుటేషన్‌లో లుకీమియా కణాలు బతికి ఉండటం దీనికి బలమైన సాక్ష్యం. మైక్రోగ్లియాలోనూ అలాగే జరుగుతుందని దీన్నిబట్టి తీర్మానించడం తొందరపాటే.

ఎంఎస్‌కు నిజంగా సరిపోయే వాదన మూడోది, మోతాదుకు సంబంధించినది. టోలెబ్రుటినిబ్ లాంటి కోవాలెంట్ (శాశ్వతంగా అతుక్కునే) మందులో ఒక అణువు ఒక బీటీకేను మాత్రమే చంపి తానూ అయిపోతుంది. ఫెనెబ్రుటినిబ్ లాంటి రివర్సిబుల్ (అతుక్కుని మళ్లీ విడిపోయే) మందు రోజంతా మెదడులో తగినంత గాఢతలో నిలిచి ఉంటేనే పని. డిగ్రేడర్ ఒక్కో అణువూ పదేపదే పనిచేస్తుంది కాబట్టి, మెదడుకు చేరేది కొంచెమే అయినా సరిపోవచ్చు. అవరోధం దాటించడం కష్టమైన చోట ఇది చిన్న లాభం కాదు.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి ప్రోటీన్‌ను కణం తనంతట తాను తయారుచేస్తూ, కూల్చుకుంటూ ఉంటుంది. ఒక ప్రోటీన్ సహజ అర్ధాయుష్షు 24 గంటలు అనుకుందాం. దాన్ని 90 శాతం తగ్గించి నిలపాలంటే మందు తెచ్చే కూల్చివేత వేగం, సహజ వేగానికి 9 రెట్లు ఉండాలి. అంటే మందు ఉన్నంతసేపు ఆ ప్రోటీన్ అర్ధాయుష్షు 2.4 గంటలకు పడిపోవాలి. మందు పూర్తిగా పోయాక 24 గంటలకు ప్రోటీన్ 55 శాతానికి, 48 గంటలకు 77 శాతం దాకా తిరిగి వస్తుంది. ప్రోటీన్ నెమ్మదిగా పుట్టే కణంలో మందు పని ఎక్కువసేపు నిలుస్తుంది, వేగంగా పుట్టే కణంలో నిలవదు. బీ కణాల్లో కొలిచిన పునరుత్పత్తి వేగాన్ని మైక్రోగ్లియాకు అంటగట్టకూడదు. అది విడిగా కొలవాల్సిన సంఖ్య. చాలా ప్రాజెక్టుల్లో మోతాదు అంచనా తప్పేది ఇక్కడే.

అణువును కుదించే లెక్క

నోటి ద్వారా వేసుకుని మెదడుకు చేరే మందులకు మందుల రసాయన శాస్త్రవేత్తలు పాటించే మోటు కొలతలు ఇవి: అణుభారం 450 డాల్టన్ల లోపు, పోలార్ ఉపరితలం (నీటిని ఇష్టపడే నైట్రోజన్, ఆక్సిజన్ భాగాల వైశాల్యం) 90 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు, హైడ్రోజన్ బంధానికి ఇచ్చే సమూహాలు రెండుకు మించకుండా. మామూలు డిగ్రేడర్ 700 నుంచి 1000 డాల్టన్లు తూగుతుంది.

పోలార్ ఉపరితలాన్ని ముక్కముక్కగా కూడితే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. సెరెబ్లాన్‌ను పట్టే థాలిడోమైడ్ కొస ఒక్కదానికే 84 అవుతుంది. అందులో గ్లుటారిమైడ్ వలయం 46కు, థాలిమైడ్ భాగం 37కు కాస్త పైన. మెదడు మందుకు ఉన్న కోటా దాదాపు అంతా సెరెబ్లాన్ కొసే తినేసింది. లింకర్‌గా నాలుగు ఆక్సిజన్ల పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) గొలుసు పెడితే ఇంకో 37. రెండు వైపులా అమైడ్లతో అతికిస్తే ఒక్కోదానికి 29 చొప్పున 58. బీటీకే కొసకు 80 వేసుకున్నా మొత్తం 250 దాటుతుంది. ఇలాంటి అణువు పరీక్షనాళికలో బీటీకేను బ్రహ్మాండంగా కూలుస్తుంది, మెదడు గుమ్మం మాత్రం దాటదు.

తగ్గించే దారి తెలిసినదే. థాలిమైడ్ తీసేసి గ్లుటారిమైడ్‌ను నేరుగా ఫినైల్ వలయానికి కలిపితే సెరెబ్లాన్ కొస 46కు దిగుతుంది. పెగ్ గొలుసు బదులు పిపెరిడిన్, పిపెరజిన్, అజెటిడిన్ వలయాలు పెడితే ఒక్కో టెర్షియరీ నైట్రోజన్‌కు 3 చొప్పున మాత్రమే పడుతుంది. అమైడ్ల బదులు నేరుగా కార్బన్-నైట్రోజన్ బంధం. ఇన్ని చేసినా మొత్తం 130 దగ్గర ఆగుతుంది. మిగతాది అణువు తనను తాను మడుచుకుని, పోలార్ సమూహాలను లోపలికి దాచుకోవడం మీద ఆధారపడాలి. అందుకే కాగితం మీది పోలార్ ఉపరితలం కంటే, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ క్రోమటోగ్రఫీలో కొలిచిన ప్రయోగాత్మక విలువను నమ్మడం మేలు. సెరెబ్లాన్ బదులు వీహెచ్‌ఎల్ అనే ఇంకో ప్రోటీన్‌ను వాడే డిగ్రేడర్లు క్యాన్సర్ పరిశోధనలో చాలానే ఉన్నాయి. వాటి కొసలోనే రెండు అమైడ్లు, ఒక హైడ్రాక్సిల్ ఉంటాయి కాబట్టి మెదడు కోసం ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

వలయాల్లోని నైట్రోజన్‌తోనూ ఓ ఇబ్బంది ఉంది. దాని క్షారత్వం ఎక్కువగా ఉంటే, అంటే దాన్ని కొలిచే పీకేఏ 9 దాటితే, అవరోధంలో కాపలా ఉండే పీ-గ్లైకోప్రోటీన్ పంపు అణువును గుర్తుపట్టి బయటికి తోస్తుంది. గుండెలోని హెర్గ్ పొటాషియం చానల్‌కూ అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. నైట్రోజన్ నుంచి రెండో కార్బన్ మీద ఫ్లోరిన్ పెట్టి పీకేఏను 7 నుంచి 8 మధ్యకు దించడం మామూలుగా చేసే పని.

గ్లుటారిమైడ్ వలయానికి నిలకడ తక్కువ. థాలిడోమైడ్ రకం అణువులు పీహెచ్ 7.4 దగ్గర, ఒంటి వేడిలో నీటితో చర్య జరిగి కొన్ని గంటల్లోనే సగానికి సగం విచ్ఛిన్నమవుతాయి. ఫినైల్ గ్లుటారిమైడ్, డైహైడ్రోయురాసిల్ రకాలు ఎక్కువసేపు నిలుస్తాయి. ఏది వాడినా జంతువుకు ఇచ్చే ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలపాలి. రక్తం నమూనా తీసిన వెంటనే సిట్రేట్ బఫర్‌తో ఆమ్ల వైపు దించి మంచులో పెట్టాలి. లేకపోతే ప్లాస్మాలో తక్కువ, మెదడులో ఎక్కువ మందు ఉన్నట్టు తప్పుడు నిష్పత్తి వస్తుంది.

చేరిందా లేదా

అవరోధం దాటే సామర్థ్యాన్ని ముందుగా కణాల పొర మీద చూస్తారు. పీ-గ్లైకోప్రోటీన్ పంపు చొప్పించిన ఎండీసీకే కణాల (కుక్క మూత్రపిండం నుంచి తీసి పెంచే కణాలు) పొరకు రెండు వైపులా మందు వేసి, బయటికి వచ్చే వేగానికీ లోపలికి పోయే వేగానికీ నిష్పత్తి కడతారు. అది 2.5 దాటితే మెదడుకు చేరడం అనుమానమే. అవరోధంలోని ఇంకో పంపు బీసీఆర్‌పీ ఉన్న కణాల్లోనూ ఇదే చేయాలి. డిగ్రేడర్లతో ఇక్కడ తరచూ జరిగే పొరపాటు రికవరీని పట్టించుకోకపోవడం. ఇవి ప్లాస్టిక్‌కూ కణాలకూ అతుక్కుపోతాయి; వేసిన మందులో 70 శాతం కూడా తిరిగి దొరకకపోతే ఆ నిష్పత్తికి విలువ లేదు. రెండు గదుల్లోనూ 1 శాతం బొవైన్ ఆల్బుమిన్ కలిపితే రికవరీ మెరుగవుతుంది. 10 మైక్రోమోలార్ గాఢతలో పంపు నిండిపోయి అణువు మంచిదిలా కనిపిస్తుంది కాబట్టి 1 మైక్రోమోలార్ దగ్గరే చేయాలి.

ఆ తర్వాత జంతువులో కొలత. ఎక్కువమంది చెప్పే సంఖ్య కేపీ, అంటే మెదడులోని మొత్తం మందును ప్లాస్మాలోని మొత్తం మందుతో భాగించినది. డిగ్రేడర్ల విషయంలో ఇది మోసం చేసే సంఖ్య. జిడ్డుగా ఉండే పెద్ద అణువు మెదడు కొవ్వులకు అతుక్కుంటుంది, క్షారం ఉన్న అణువు లైసోజోముల్లో చిక్కుకుంటుంది. రెండూ మొత్తాన్ని పెంచుతాయి, బీటీకేను చేరవు. పనికొచ్చేది స్వేచ్ఛగా ఉన్న మందు నిష్పత్తి: కేపీని మెదడులోని అతుక్కోని భాగంతో గుణించి, ప్లాస్మాలోని అతుక్కోని భాగంతో భాగించాలి. ఉదాహరణకు ఒక అణువుకు కేపీ 1, మెదడులో అతుక్కోని భాగం 0.0005, ప్లాస్మాలో 0.01 అయితే స్వేచ్ఛా నిష్పత్తి 0.05. ఇంకో అణువుకు కేపీ 0.1 మాత్రమే, అతుక్కోని భాగాలు రెండు చోట్లా 0.01 అయితే నిష్పత్తి 0.1. మొదటిది మెదడులో పది రెట్లు ఎక్కువ పోగుపడింది, కానీ స్వేచ్ఛా నిష్పత్తి రెండోదాంట్లో సగమే. కేపీ చూసి అణువును ఎంచుకున్న జట్టు తప్పు అణువును ముందుకు తీసుకుపోతుంది.

మెదడు బరువులో సుమారు 3 శాతం రక్తమే. రక్తాన్ని కడగకుండా మెదడును రుబ్బితే, అసలు చేరని మందుకు కూడా కేపీ 0.03 వస్తుంది. అతుక్కోని భాగం వెయ్యిలో ఒకటికి దిగినప్పుడు దాన్ని కొలిచే మామూలు ఆరు గంటల డయాలిసిస్ (అతుక్కోని మందు పొర గుండా అవతలికి చేరనిచ్చే పరీక్ష) చాలదు. కణజాలాన్ని బాగా పలుచన చేసి, సమతౌల్యం వచ్చే దాకా రాత్రంతా ఉంచి, రెండు సమయాల్లో ఒకే విలువ వచ్చిందని చూపాలి. ఈ రకం అణువుల తయారీ, కొలత పనిలో కొంత హైదరాబాద్‌లోని కాంట్రాక్ట్ పరిశోధన సంస్థల్లో జరుగుతోంది. అక్కడ పనిచేసే కుర్రవాళ్లకు ఈ రెండు సమయాల నియమం మామూలు సలహా కాదు, రిపోర్టు నిలబడాలంటే తప్పనిసరి.

స్వేచ్ఛా నిష్పత్తి 0.1 వచ్చిందని నిరుత్సాహపడనక్కర్లేదు. దాన్ని పోల్చాల్సింది మైక్రోగ్లియాలో బీటీకేను సగానికి దించే స్వేచ్ఛా గాఢతతో. అది 0.1 నానోమోలార్ అయి, మెదడులో స్వేచ్ఛగా 0.5 నానోమోలార్ నిలుస్తుంటే అణువు పనికొస్తుంది. రివర్సిబుల్ ఇన్హిబిటర్‌కు ఇలాంటి వెసులుబాటు అరుదు.

ఇక్కడే ఇంకో చిక్కు. మెదడులో ఆ స్థాయి కోసం మోతాదు పెంచితే రక్తంలో గాఢత పది రెట్లు పైన ఉంటుంది. గాఢత మరీ ఎక్కువైతే ఒక్కో బీటీకేను ఒక అణువు, ఒక్కో సెరెబ్లాన్‌ను వేరే అణువు పట్టేసుకుని, రెండింటినీ కలిపే అణువే లేకుండా పోతుంది. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. మెదడులో బీటీకే చక్కగా కూలుతుంటే రక్తంలోని బీ కణాల్లో కూలడం తగ్గిపోయే వింత పరిస్థితి రావచ్చు. రెండు ప్రోటీన్లూ ఒకదానికొకటి బాగా అతికేలా డిజైన్ చేసిన అణువులో ఈ బెడద తక్కువ.

మైక్రోగ్లియాలో బీటీకే కూలిందని రుజువు చేయడం

ఈ రంగంలో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన ప్రయోగం ఇదే. మెదడు మొత్తాన్ని రుబ్బి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పట్టీలుగా చూపే పరీక్ష) చేస్తే బీటీకే పట్టీ మసకగా కనిపిస్తుంది, ఎందుకంటే మెదడు కణాల్లో మైక్రోగ్లియా వాటా పదో వంతుకు మించదు. పైగా రక్తనాళాల్లో మిగిలిన బీ కణాలు, మోనోసైట్లు కూడా బీటీకేతో నిండి ఉంటాయి. మందు వాటిలో బీటీకేను కూల్చినా, మెదడులో కూల్చినట్టే కనిపిస్తుంది. కాబట్టి ముందు గుండె ఎడమ గది నుంచి చల్లని సెలైన్ ఎక్కించి కాలేయం పాలిపోయే దాకా రక్తం కడగాలి. తర్వాత మెదడును విడదీసి, పెర్కాల్ అనే సాంద్ర ద్రవంతో మైలిన్ చెత్తను తేల్చేసి, సీడీ11బీ అనే గుర్తు ప్రోటీన్ ఉండి సీడీ45 తక్కువగా ఉన్న కణాలను (ఇవే మైక్రోగ్లియా) ఫ్లో సైటోమెట్రీలో, అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే యంత్రంలో, వేరు చేయాలి. బీటీకేను ఆ కణాల లోపల యాంటీబాడీతో కొలవాలి.

అసలు ఉచ్చు విడదీసే దశలో ఉంది. పపెయిన్ వంటి ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, కణజాలంలో అతుక్కుని ఉన్న మందు విడిపడి, బతికున్న మైక్రోగ్లియాలోకి వెళ్లి, గిన్నెలోనే బీటీకేను కూల్చేస్తుంది. జంతువులో జరగనిది ట్యూబులో జరిగి, ఫలితం మెరిసిపోతుంది. దీనికి విరుగుడు మంచు మీదనే యాంత్రికంగా విడదీయడం. ఎంజైము తప్పదనుకుంటే మందు ఇవ్వని ఎలుక మెదడును, మందు ఇచ్చిన ఎలుక మెదడులో దొరికినంత గాఢతలో మందు కలిపి, అదే దారిలో నడిపించాలి. ఆ మెదడులో కూడా బీటీకే తగ్గితే మొత్తం ఫలితాన్ని పక్కన పెట్టాల్సిందే. ఈ కంట్రోల్ లేని గ్రాఫును నమ్మడానికి వీల్లేదు.

రెండో కంట్రోల్ రసాయనపరమైనది. గ్లుటారిమైడ్ నైట్రోజన్ మీద మీథైల్ పెడితే అణువు సెరెబ్లాన్‌ను పట్టుకోలేదు, బీటీకేను మాత్రం పట్టుకుంటుంది. జబ్బు నమూనాలో ఇది కూడా డిగ్రేడర్ అంత మేలు చేస్తే, కనిపించిన ప్రయోజనం కూల్చడం వల్ల కాదు, ఇన్హిబిషన్ వల్లే. అయితే మీథైల్ పెట్టడంతో ఒక హైడ్రోజన్ బంధ సమూహం పోయి, ఈ కంట్రోల్ అణువు అసలు అణువు కంటే మెదడుకు బాగా చేరవచ్చు. దాని మెదడు గాఢత కూడా కొలవకుండా పోలిక పెడితే డిగ్రేడర్‌కు అన్యాయం జరుగుతుంది. ఒంట్లో లింకర్ తెగి ఏర్పడే ముక్కలనూ వెతకాలి. బీటీకే కొస విడిగా తిరిగితే అది డిగ్రేడర్ చోటును ఆక్రమించి దాని పనినే చెడగొడుతుంది.

జబ్బు నమూనా ఎంపికలోనూ పొరపాట్లు సాధారణం. అందరూ వాడే ఈఏఈ నమూనాలో (జంతువులో ఎంఎస్ లాంటి జబ్బును తెప్పించే పద్ధతి) సీ57 నల్ల ఎలుకకు మాగ్ అనే మైలిన్ ప్రోటీన్‌లో 35 నుంచి 55 వరకు ఉన్న అమైనో ఆమ్లాల ముక్కను ఎక్కిస్తారు. ఆ జబ్బును నడిపేది టీ కణాలు. వాటిలో బీటీకే లేదు. బీ కణాల పాత్ర చూడాలంటే పూర్తి మానవ మాగ్ ప్రోటీన్‌తో తెప్పించిన నమూనా కావాలి. రెండిట్లోనూ రక్త-మెదడు అవరోధం చిల్లులు పడి ఉంటుంది కాబట్టి, మెదడు చేరిక సామర్థ్యాన్ని ఆ జంతువుల్లో కొలిచి చెప్పుకోవడం సరికాదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లోనే కొలవాలి. మేతలో 0.2 శాతం క్యుప్రిజోన్ అనే రసాయనం కలిపి ఐదారు వారాలు పెట్టే నమూనాలో అవరోధం దాదాపు నిలిచి ఉంటుంది, మైలిన్ పోతుంది, మైక్రోగ్లియా చెలరేగుతాయి. ప్రోగ్రెసివ్ ఎంఎస్ (రిలాప్స్‌లు లేకుండా నెమ్మదిగా ముదిరే రకం) ప్రశ్నకు ఇదే దగ్గరి నమూనా. క్యుప్రిజోన్ ఆపాక మైలిన్ తిరిగి పట్టే దశను కూడా చూడాలి. మైలిన్ చెత్తను ఊడ్చేది మైక్రోగ్లియాయే. బీటీకే పూర్తిగా లేకపోతే ఆ ఊడ్పు నెమ్మదిస్తుందేమోనన్న సందేహాన్ని ప్రయోగంతోనే తీర్చుకోవాలి.

భద్రత

బీటీకే పుట్టుకతోనే లేని మనుషులున్నారు. 1952లో ఓగ్డెన్ బ్రూటన్ వర్ణించిన అగామాగ్లోబులినీమియా అదే. వాళ్లలో బీ కణాలు దాదాపు ఉండవు, జీవితాంతం ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకుంటూ బతుకుతారు. కాబట్టి బీటీకే పోవడం వల్ల ముందుగా భయపడాల్సింది ఇన్ఫెక్షన్ల గురించి. పరీక్షల్లో ఐజీజీ (రక్తంలోని ముఖ్య ఇమ్యునోగ్లోబులిన్) స్థాయిని క్రమం తప్పకుండా చూడాల్సిందే.

అంతకంటే పెద్ద బెంగ సెరెబ్లాన్ కొస గురించి. అది బీటీకేతో పాటు ఇకారోస్, ఐయోలోస్, జీఎస్‌పీటీ1, సాల్4 వంటి ప్రోటీన్లను కూడా కూల్చవచ్చు. థాలిడోమైడ్ తిన్న తల్లుల పిల్లలకు కాళ్లూ చేతులూ రాకపోవడంలో సాల్4 కూలడం ముఖ్య కారణమని 2018లో తేలింది. ఎంఎస్ రోగుల్లో మగవారి కంటే ఆడవారు రెండు మూడు రెట్లు ఎక్కువ. జబ్బు ఎక్కువగా బయటపడేది 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే పిల్లల్ని కనే వయసులోనే. క్యాన్సర్ మందుకు సర్దుకుపోగలిగిన ఈ అదనపు కూల్చివేత, పాతికేళ్ల యువతి దశాబ్దాల పాటు వేసుకోవాల్సిన మాత్రకు ఒప్పుకోదగ్గది కాదు.

ఎలుకల్లో చేసిన భద్రతా పరీక్ష దీన్ని పట్టుకోలేదు. ఎలుక సెరెబ్లాన్‌లో 391వ స్థానంలో వేలీన్ బదులు ఐసోల్యూసిన్ ఉంటుంది. బీటీకేను అది మామూలుగానే కూలుస్తుంది, కానీ ఇకారోస్ లాంటివాటిని దాదాపు ముట్టుకోదు. మందు పనిచేసినట్టూ, హాని లేనట్టూ ఒకేసారి కనిపించి పరిశోధకులను తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మనిషి రకానికి మార్చిన ఎలుకలు, థాలిడోమైడ్‌కు స్పందించే కుందేళ్లు, మానవ కణాల్లో పని మోతాదుకు పది రెట్లు వేసి 24 గంటల తర్వాత చేసే పూర్తి ప్రోటియోమిక్స్ (కణంలోని ప్రోటీన్లన్నిటి కొలత), ఈ మూడూ కావాలి.

కాలేయం విషయంలో డిగ్రేడర్‌కు ముందస్తు మార్కులు వేయకూడదు. హెర్క్యులిస్‌లో, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ ఎంజైము మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లకు పైగా పెరిగినవారు మందు వేసుకున్న వర్గంలో 4 శాతం, డమ్మీ వర్గంలో 1.6 శాతం. కాలేయ మార్పిడి తర్వాత ఒక రోగి చనిపోయారు. అమెరికా ఎఫ్‌డీఏ 2022 జూన్‌లోనే కొత్త రోగులను చేర్చుకోవడాన్ని ఆపింది. అంతకు మూలం బీటీకే అయితే, బీటీకేను తుడిచేసే మందు కూడా అదే దారిన పోవచ్చు. తొలి మూడు నెలలు తరచుగా కాలేయ పరీక్షలు చేసే నియమాన్ని డిగ్రేడర్ పరీక్షల్లోనూ మొదటి రోజు నుంచే పెట్టాలి.

మనిషిలో ఏం కొలవాలి

రక్తంలోని బీ కణాల్లో బీటీకే ఎంత కూలిందో ఫ్లో సైటోమెట్రీతో ఒక్క రోజులో తెలుస్తుంది. మెదడు సంగతి వేరు. వెన్నునీరు తీసి మందు గాఢతను కొలవవచ్చు, దాంతో మెదడులోని స్వేచ్ఛా గాఢతకు ఒక అంచనా దొరుకుతుంది. ప్రోటీన్ కూలిందా అన్నది ఆ నీరు చెప్పదు. పార్కిన్సన్స్ కోసం తయారవుతున్న డిగ్రేడర్ ఏఆర్‌వీ-102 లక్ష్యమైన ఎల్‌ఆర్‌ఆర్‌కే2 ప్రోటీన్ వెన్నునీటిలోకి వస్తుంది కాబట్టి, అది సగానికి పైగా తగ్గిందని మనుషుల్లోనే చూపగలిగారు. బీటీకేతో అలా కుదరదు. వెన్నునీటిలో మైక్రోలీటరుకు ఐదు కణాల కంటే తక్కువే ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం బీటీకే లేని టీ కణాలు.

మెదడుకు పాకిన లింఫోమా, లుకీమియా రోగుల్లో ఎన్‌ఎక్స్-5948 ప్రభావం చూపిందన్న సమాచారం ఆశ పుట్టించేదే. కానీ కణితి ఉన్న చోట అవరోధం దెబ్బతిని ఉంటుంది. ప్రోగ్రెసివ్ ఎంఎస్‌లో పాత గాయాల దగ్గర అవరోధం చాలావరకు మూసుకునే ఉంటుంది.

మిగిలిన నేరు దారి పెట్ స్కాన్. బీటీకేకు అతుక్కునే కార్బన్-11 ట్రేసర్‌ను (స్కాన్‌లో కనిపించే రేడియోధార్మిక అణువును) సైక్లోట్రాన్ పక్కనే తయారుచేసి వెంటనే ఎక్కించాలి, ఎందుకంటే దాని అర్ధాయుష్షు 20 నిమిషాలే. స్కాన్‌లో సంకేతం తగ్గితే రెండు అర్థాలు: బీటీకే కూలి ఉండవచ్చు, లేదా డిగ్రేడర్ దాన్ని పట్టుకుని ట్రేసర్‌కు చోటివ్వకపోవచ్చు. విడదీయాలంటే ఒక స్కాన్ మందు గరిష్ఠంగా ఉన్నప్పుడు, రెండోది చివరి మోతాదు తర్వాత మందు ఒంట్లోంచి పోయి బీటీకే ఇంకా తిరిగి రాని సమయంలో తీయాలి. ఆ వ్యవధి ఎన్ని గంటలో ముందే లెక్కగట్టాలంటే, మైక్రోగ్లియాలో బీటీకే ఎంత వేగంగా తిరిగి పుడుతుందో తెలిసి ఉండాలి. ఆరోగ్యవంతుల మెదడులో బీటీకే తక్కువ కాబట్టి వాళ్లలో సంకేతం బలహీనంగా ఉంటుంది. ఎంఆర్‌ఐలో ఇనుప అంచున్న గాయాలు కనిపించే రోగులను తొలి దశ పరీక్షలోనే చేర్చుకుంటే ఆ ప్రాంతాల్లో కొలవడానికి తగినంత బీటీకే దొరికే అవకాశం ఎక్కువ.